ఫైర్‌వాల్ లాగ్‌లో దొంగలెవరు... చుట్టాలెవరు?

ఒకప్పుడు ఫైర్‌వాల్ అంటే పెద్ద కంపెనీల సర్వర్ రూముల్లోనే కనిపించేది. ఇప్పుడు పదిమంది పనిచేసే ఆడిటర్ ఆఫీసులో ఉంది. స్కూల్లో ఉంది. చిన్న పట్నంలో ఉన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లోనూ ఉంది. అంతెందుకు, మన ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు బిగించి వెళ్లిన వైఫై డబ్బాలో కూడా ఒక బుల్లి ఫైర్‌వాల్ ఉంటుంది. అది తన పని తాను చేసుకుపోతున్నంతకాలం ఎవరికీ దాని ఊసే పట్టదు. కానీ ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు దాని లాగ్ తెరుస్తారు. ఇక చూడండి... ‘బ్లాక్డ్, బ్లాక్డ్, బ్లాక్డ్’ అంటూ పేజీలకు పేజీలు! ఎక్కడెక్కడి దేశాల అడ్రస్‌లో, ఏవేవో అంకెలో. ఆ రాత్రికి నిద్ర ఉండదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఈ లాగ్‌లు చూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. అందుకే చుట్టాలూ స్నేహితులూ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపుతుంటారు. అందరి ప్రశ్నా ఒకటే, ‘మమ్మల్ని ఎవరో హ్యాక్ చేస్తున్నారా?’ అని. చాలాసార్లు నా జవాబు ‘కాదు, హాయిగా పడుకోండి’. కానీ అన్నిసార్లూ కాదు. తాడును చూసి పామనుకుంటే పోయేది నిద్ర ఒక్కటే. పామును చూసి తాడనుకుంటేనే ప్రమాదం. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పాము ఒకచోట ఉంటే ఇంకెవరినో పట్టుకుని కొట్టడం. అలాంటిది ఒకటి నా కళ్లతో చూశాను. దాని గురించి తర్వాత చెబుతాను. ముందు అసలీ లాగ్‌ను ఎలా చదవాలో చూద్దాం.

వాచ్‌మన్ పుస్తకం

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఒక రిజిస్టర్ పెట్టుకుంటాడు కదా. ఎవరొచ్చారు, ఏ ఫ్లాట్‌కి వచ్చారు, ఎన్ని గంటలకి వచ్చారు అని రాస్తాడు. ఫైర్‌వాల్ లాగ్ కూడా అంతే. ఇంటర్నెట్‌లో సమాచారం అంతా చిన్న చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఆ ముక్కలనే ప్యాకెట్లు అంటాం. ఫైర్‌వాల్ ఆపిన ఒక్కో ప్యాకెట్‌కీ లాగ్‌లో ఒక్కో లైన్ పడుతుంది.

ఆ లైన్‌లో ఎస్‌ఆర్‌సీ అంటే ప్యాకెట్ బయల్దేరిన అడ్రస్. డీఎస్‌టీ అంటే చేరాల్సిన అడ్రస్. ఎస్‌పీటీ, డీపీటీ అనేవి ఆ రెండు వైపులా ఉన్న పోర్ట్ నంబర్లు. అడ్రస్ అపార్ట్‌మెంట్ అయితే, పోర్ట్ అందులో ఫ్లాట్ నంబర్ అనుకోండి. ఒక్కో కంప్యూటర్‌కి 65,535 పోర్ట్‌లు ఉంటాయి. సురక్షితమైన వెబ్‌సైట్లు 443లో, పేరు చెబితే అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ 53లో, పాతకాలపు టెల్‌నెట్ 23లో కాపురం ఉంటాయి. ఇవి కాక ఇన్, ఔట్ అని రెండు మాటలు కనిపిస్తాయి. ప్యాకెట్ ఏ వైపు నుంచి ఫైర్‌వాల్‌లోకి వచ్చింది, ఏ వైపుకి వెళ్లబోయింది అనేది అవి చెబుతాయి.

ఇంత చెప్పినా వాచ్‌మన్ పుస్తకంలో ఒక లోటు ఉంటుంది. వచ్చినవాడు ఎందుకొచ్చాడో అందులో ఉండదు. పాలవాడు, కొరియర్ అబ్బాయి, పొరపాటున వేరే బ్లాకు బదులు ఈ బ్లాకుకి వచ్చిన చుట్టం, నిజంగా దొంగతనానికి వచ్చినవాడు... అందరూ ఒకే తీరున ఒక్కో లైన్‌లో ఉంటారు. ఆ ‘ఎందుకు’ అనేది చదివేవాళ్లే తేల్చుకోవాలి.

ఫోన్ పెట్టేశాక వచ్చిన మాట

అందరినీ ఎక్కువగా కంగారుపెట్టే లైన్లు ఇవే. బయల్దేరిన పోర్ట్ 443. చేరాల్సిన పోర్ట్ ఏదో 51 వేల పైచిలుకు. అడ్రస్ వెతికితే పేరున్న పెద్ద కంపెనీది. ‘అంత పెద్ద కంపెనీ సర్వర్ నా కంప్యూటర్ మీద దాడి చేయడమేంటి?’ అని అడుగుతారు.

అది దాడి కాదు, జవాబు. మీరు ఒక వెబ్‌సైట్ చూస్తున్నప్పుడు మీ కంప్యూటర్ అవతలివాళ్ల 443 పోర్ట్‌కి ఫోన్ చేసినట్టు. తన వైపు ఏదో ఒక పెద్ద నంబరు పోర్ట్ వాడుకుంటుంది. ‘ఇతను ఫలానావాళ్లతో మాట్లాడుతున్నాడు, వాళ్ల జవాబుల్ని రానివ్వాలి’ అని ఫైర్‌వాల్ ఒక పట్టికలో రాసుకుంటుంది. మీరు బ్రౌజర్ మూసేయగానే ఆ ఎంట్రీ కొట్టేస్తుంది. కానీ అప్పటికే అవతలినుంచి బయల్దేరిన ఒకటి రెండు ప్యాకెట్లు దారిలో ఉంటాయి. అవి వచ్చేసరికి పట్టికలో పేరు లేదు. వాచ్‌మన్ ‘ఎవరండీ మీరు?’ అని ఆపేస్తాడు, పుస్తకంలో రాసేస్తాడు. అంతే సంగతి.

దీన్ని గుర్తుపట్టడానికి ఒక గుర్తుంది. టీసీపీ పద్ధతిలో మాట మొదలుపెట్టే ప్యాకెట్ మీద ‘సిన్’ అనే జెండా ఒక్కటే ఉంటుంది. అంటే ‘హలో, మాట్లాడొచ్చా?’ అని అడిగినట్టు. మాట మధ్యలోనో చివరలోనో వచ్చేవాటి మీద ‘యాక్’, ‘ఫిన్’, ‘ఆర్‌ఎస్‌టీ’ లాంటి జెండాలుంటాయి. కాబట్టి 443 నుంచి వచ్చి, ఫిన్ అనో ఆర్‌ఎస్‌టీ అనో ఉంటే అది మీరే మొదలుపెట్టిన మాటకి తోక అయ్యే అవకాశం ఎక్కువ. కొత్తగా తలుపు తట్టేవాడి దగ్గర సిన్ ఒక్కటే ఉంటుంది. బయల్దేరిన పోర్ట్ నంబర్‌ను ఎవరైనా తమకి నచ్చినట్టు పెట్టుకోవచ్చు. అందుకే 443 అని చూసి ఊరుకోకుండా జెండా కూడా చూడాలి.

ఇంట్లోవాళ్ల కబుర్లు

ఇంకో రకం లైన్లు ఉంటాయి. చేరాల్సిన అడ్రస్ 224.0.0.1, లేదా 224.0.0.251, లేదా 239.255.255.250. వీటిని చూసి ‘ఇవి ఏ దేశానివి?’ అని అడుగుతారు. ఏ దేశానివీ కావు. 224 నుంచి 239 వరకు మొదలయ్యే అడ్రస్‌లు ఒక మనిషివి కావు, ఒక గుంపువి. వీధిలో మైకు పెట్టి అనౌన్స్ చేసినట్టు అన్నమాట. మీ రౌటర్ అప్పుడప్పుడూ 224.0.0.1కి ‘గ్రూపుల్లో ఎవరెవరున్నారు?’ అని ప్రశ్న వేస్తుంది. లాగ్‌లో దాని ప్రోటోకాల్ పేరు బదులు 2 అనే అంకె మాత్రమే కనిపించడంతో జనం ఇంకా భయపడతారు. 224.0.0.251కి 5353 పోర్ట్‌లో వెళ్లేవి ఫోన్లు, ప్రింటర్లు ‘నేనిక్కడున్నాను’ అని చెప్పుకోవడం. 239.255.255.250కి 1900 పోర్ట్‌లో వెళ్లేవి స్మార్ట్ టీవీలాంటివి ఒకదాన్నొకటి వెతుక్కోవడం.

0.0.0.0 నుంచి 255.255.255.255కి, 68వ పోర్ట్ నుంచి 67కి ఒక ప్యాకెట్ కనిపిస్తే అది మరీ అమాయకం. అప్పుడే ఆన్ చేసిన ఫోనో ల్యాప్‌టాపో ‘నాకింకా అడ్రస్ లేదు, ఎవరైనా ఒకటి ఇవ్వండి బాబూ’ అని అడుగుతోంది. అడిగినా ఎవరూ ఇవ్వకపోతే చాలా పరికరాలు 169.254తో మొదలయ్యే అడ్రస్‌ను తమకి తామే పెట్టేసుకుంటాయి. అది లాగ్‌లో కనిపిస్తే దాడి గురించి కాదు, రౌటర్‌కేమైందో అని ఆలోచించాలి.

అలాగే 10తో మొదలయ్యేవి, 192.168తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి ప్రైవేటు అడ్రస్‌లు. ఊరూరా గాంధీబొమ్మ సెంటర్ ఉన్నట్టు ఈ అడ్రస్‌లు ఇంటింటా ఉంటాయి. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి ఇంటర్నెట్ కంపెనీలు ఒకే బయటి అడ్రస్‌ను చాలామందికి పంచడానికి లోపల వాడుకునేవి. వీటి మీద ‘ఏ దేశం’ అని వెతికితే ఏమీ దొరకదు.

రాయని ఉత్తరానికి జవాబు

ఒక్కోసారి సిన్, యాక్ రెండు జెండాలూ కలిసి ఉన్న ప్యాకెట్లు వస్తాయి. ‘మీరు హలో అన్నారుగా, నేనూ హలో’ అని దాని అర్థం. కానీ మీరు హలో అనలేదు! మరి ఎలా వచ్చింది?

ఎవరో ఒక ఆకతాయి ఏదో సర్వర్‌ను ముంచేయడానికి లక్షల కొద్దీ దొంగ ఉత్తరాలు రాశాడనుకోండి. ‘పంపినవారు’ అనే చోట తన అడ్రస్ బదులు చేతికొచ్చిన అడ్రస్‌లన్నీ రాశాడు. అందులో మీదీ ఒకటి. పాపం ఆ సర్వర్ జవాబులన్నీ ఆ అడ్రస్‌లకే పంపుతుంది. అంటే మీ లాగ్‌లో దొంగలా కనిపించేది నిజానికి దెబ్బ తింటున్నవాడు. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. ఇలా చెల్లాచెదురుగా వచ్చిపడే జవాబుల్ని లెక్కపెట్టి ప్రపంచంలో ఎక్కడ ఎన్ని దాడులు జరుగుతున్నాయో అంచనా వేయొచ్చని అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 2001లోనే చూపించారు.

ఐసీఎంపీ లైన్లు కూడా ఇలాగే తికమకపెడతాయి. లినక్స్ మీద నడిచే ఫైర్‌వాల్ లాగ్‌లో ఐసీఎంపీ టైప్ 3 వస్తే, ఆ లైన్ చివర స్క్వేర్ బ్రాకెట్లలో ఇంకో ప్యాకెట్ వివరాలు ఉంటాయి. లోపల ఎస్‌ఆర్‌సీ అని మీ అడ్రసే! ‘నా మీద నేనే దాడి చేసుకుంటున్నానా?’ అని ఒక స్నేహితుడు నిజంగానే అడిగాడు. తిరిగొచ్చిన ఉత్తరం మీద పోస్ట్‌మన్ ‘చిరునామాదారు లేరు’ అని రాసి పంపినట్టు, దారిలో ఉన్న ఏదో రౌటర్ ‘మీ ప్యాకెట్ చేర్చలేకపోయాను, ఇదిగో మీ కవరు’ అని వెనక్కి పంపింది. వీటిని గుడ్డిగా ఆపేస్తే మనకే నష్టం. ‘ప్యాకెట్ సైజు ఎక్కువైంది, తగ్గించి పంపు’ అనే మాట కూడా ఇదే టైప్ 3లో, కోడ్ 4గా వస్తుంది. అది అందకపోతే కొన్ని వెబ్‌సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

తలుపు తట్టిపోయేవాళ్లు

ఇక సిన్ ఒక్కటే పెట్టుకుని బయటి నుంచి వచ్చేవాటి సంగతి. 22, 23, 445, 3389 పోర్ట్‌ల మీద రాత్రీ పగలూ ఎవరో తడుతూనే ఉంటారు. ఇవి నిజంగానే వెతుకులాటలు. అయితే వెతికేది మిమ్మల్ని కాదు, అందరినీ. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్లు. వాటన్నిటినీ ఒక పోర్ట్ మీద ఒకే ఒక్క కంప్యూటర్‌తో, మంచి లైన్ ఉంటే, 45 నిమిషాల్లోపే తట్టి రావచ్చని మిషిగన్ యూనివర్సిటీవాళ్లు 2013లో జెడ్‌మ్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసి చూపించారు. ఇలా తట్టేవాళ్లలో షోడాన్, సెన్సిస్ లాంటి సర్వే చేసే సంస్థలున్నాయి, దొంగలూ ఉన్నారు.

ఆ దొంగల్ని తేలిగ్గా తీసుకోమని కాదు. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చింది 445 పోర్ట్ మీదే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. కానీ లాగ్‌లో ‘బ్లాక్డ్’ అని ఉందంటే తలుపు వేసి ఉందనే అర్థం. తట్టినవాళ్ల లెక్క చూసుకుని భయపడే బదులు, వేయని తలుపులు ఏమైనా ఉన్నాయా అని చూసుకోవడం మంచిది.

ఇంటి దొంగ ఎవరు?

ఇప్పుడు ఆ సంగతి చెబుతాను. గోదావరి జిల్లాలో ఒక పట్నంలో మా బాబాయ్‌కి డయాగ్నస్టిక్ సెంటర్ ఉంది. ఫైర్‌వాల్ బిగించిన ఏజెన్సీ అతను ఒకరోజు వచ్చి, లాగ్ స్క్రీన్‌షాట్ చూపించి, ‘మీ లోపలి నుంచే ఎవరో బయటికి కనెక్ట్ అవ్వాలని చూస్తున్నారు సార్’ అన్నాడట. అడ్రస్ 192.168.1.37. టైము 20:45. చేరాల్సిన పోర్ట్ 23. ఫైర్‌వాల్ ఆపేసిందిగానీ అలాంటి లైన్లు వందల్లో ఉన్నాయి. ఆరోజు రౌటర్ లిస్టు చూస్తే 37 అనే అడ్రస్ రిపోర్టులు టైప్ చేసే కుర్రాడి కంప్యూటర్‌ది. అతనిది మధ్యాహ్నం నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. ఇంకేముంది, పేషెంట్ల వివరాలు అమ్ముకుంటున్నాడని అందరూ తేల్చేశారు. రేపటి నుంచి రావద్దని చెప్పేశారు. పోలీస్ కంప్లయింట్ రాసే ముందు బాబాయ్ నాకు ఫోన్ చేశారు. ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఫైర్‌వాల్ పట్టేసింది. నువ్వూ ఒకసారి చూడరా’ అన్నారు.

స్క్రీన్‌షాట్ వద్దు, పూర్తి లాగ్ పంపమన్నాను. మొదట టైము చూశాను. ఆ డబ్బాలో గడియారం మన టైములో లేదు, యూటీసీలో ఉంది. దానికి ఐదున్నర గంటలు కలిపితేనే మన టైము. 20:45 అంటే రాత్రి పావు తక్కువ తొమ్మిది కాదు, తెల్లవారుజాము రెండుంబావు! ఆ టైములో సెంటర్‌కి తాళం వేసి ఉంటుంది. పైగా పూర్తి లాగ్‌లో ఆ లైన్లు ఒక్క రాత్రివి కావు. పగలూ రాత్రీ, సెలవు రోజు కూడా ఆగకుండా ఉన్నాయి. ఏ మనిషీ అలా పనిచేయడు.

తర్వాత అడ్రస్. కొన్ని రోజుల తర్వాత 37 నుంచి లైన్లు ఆగిపోయి, 41 నుంచి మొదలయ్యాయి. ఆరోజు ఏం జరిగిందని అడిగితే, కరెంటు పోయి యూపీఎస్ కూడా ఆగిపోయిందన్నారు. కరెంటు వచ్చాక రౌటర్ అడ్రస్‌లన్నీ కొత్తగా పంచింది. 37 ఆ కుర్రాడి కంప్యూటర్‌కి వచ్చింది. ఏజెన్సీ అతను వచ్చింది ఆ తర్వాత. అంటే పాత నేరాన్ని కొత్త అడ్రస్‌దారు మీద రాశారన్నమాట.

మరి అసలు ఎవరు? దానికి జవాబు ఆ లైన్‌లోనే ఉంది. లినక్స్ లాగ్‌లో మ్యాక్ అని ఒక పొడుగాటి వరస ఉంటుంది, మొత్తం 14 జతలు. అది ఒక్క పరికరం నంబరు కాదు. మొదటి ఆరు జతలు అందుకున్నవాడివి, అంటే ఫైర్‌వాల్‌వే. తర్వాతి ఆరు పంపినవాడివి. చివరి రెండు ప్యాకెట్ రకం చెప్పేవి. ఆ మధ్యలోని ఆరు జతలు 37 దగ్గరా, 41 దగ్గరా ఒకటే. కుర్రాడి కంప్యూటర్‌ది వేరు. బాబాయ్‌ని వీడియో కాల్‌లో ఉంచి సెంటర్‌లో ఉన్న డబ్బాల స్టిక్కర్లన్నీ చూపించమన్నాను. రిసెప్షన్ వెనక గోడకున్న సీసీ కెమెరాల డీవీఆర్ దగ్గర నంబరు కలిసింది.

దాని పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే. ఫోన్‌లో కెమెరాలు చూసుకోవడానికని అది యూపీఎన్‌పీ పద్ధతిలో తనంతట తానే బయటికి దారి తెరుచుకుంది. ఆ దారినే ఏదో పురుగు దూరింది. 2016లో మిరాయ్ అనే పురుగు ఇలాంటి కెమెరాలనీ డీవీఆర్‌లనీ 60కి పైగా మామూలు పాస్‌వర్డ్‌ల జాబితాతోనే పట్టేసింది. పట్టుబడిన ప్రతి డబ్బా 23వ పోర్ట్ మీద ఇంకో డబ్బా కోసం వెతికేది. ఆ ఏడాది అక్టోబరులో అలాంటి డబ్బాలన్నీ కలిసి అమెరికాలో ఒక డీఎన్‌ఎస్ కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. మా డీవీఆర్ చేస్తున్నదీ ఆ తరహా పనే.

డీవీఆర్‌ను నెట్‌వర్క్ నుంచి తీసేయించాం. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఇలాంటి పురుగులు చాలావరకు పోతాయిగానీ తలుపు తెరిచి ఉంటే మళ్లీ వచ్చేస్తాయి. కాబట్టి పాస్‌వర్డ్ మార్చి, కొత్త ఫర్మ్‌వేర్ వేసి, యూపీఎన్‌పీ ఆపేసి, అది బయటికి వెళ్లకుండా ఒక రూల్ పెట్టాకే తిరిగి కలిపాం. ఆ లైన్లు ఆగిపోయాయి.

బాబాయ్ స్వయంగా ఆ కుర్రాడి ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చారు. వచ్చాడు. మూడు నెలలు పనిచేసి వేరే చోట చేరిపోయాడు. ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఊళ్లో ఒకసారి దొంగ అని పేరు పడ్డాక ‘కాదట’ అనే మాట అంతే వేగంగా తిరగదు కదా!

మీ లాగ్ తెరిచినప్పుడు

ముందు గడియారం సంగతి తేల్చుకోండి. లాగ్ యూటీసీలో ఉందా, మన టైములోనా? గడియారం సరిగ్గా నడుస్తోందా? ఇది చిన్న విషయం కాదు. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు తమ గడియారాల్ని ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో సరిపెట్టుకోవాలనీ, లాగ్‌లు 180 రోజులు దాచాలనీ, చెప్పుకోదగ్గ సంఘటన జరిగితే 6 గంటల్లో తెలపాలనీ ఉంది.

తర్వాత దిక్కు చూడండి. బయటి నుంచి లోపలికి వచ్చి ఆగిపోయినవి వందలున్నా కంగారు పడక్కర్లేదు. లోపలి నుంచి బయటికి పదే పదే వెళ్లాలని చూసేది ఒక్కటున్నా వదలొద్దు. ఒకే పరికరం గంట గంటకీ కొత్త కొత్త అడ్రస్‌లకి ఒకే పోర్ట్ మీద పోతోందంటే దాన్ని ఆపి పరీక్షించాల్సిందే.

ఆ పైన జెండా చూడండి, అడ్రస్ ఏ రకానిదో చూడండి. అప్పుడు మాత్రమే పరికరం ఏదో వెతకండి. ఐపీని కాదు, మ్యాక్‌ను పట్టుకోండి. సీసీ కెమెరాలు, డీవీఆర్‌లు, స్మార్ట్ టీవీల్ని వీలైతే ఆఫీసు కంప్యూటర్లతో కలపకుండా వేరే నెట్‌వర్క్‌లో పెట్టించండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఈరోజే మార్చేయండి. సైబర్ మోసంలో నిజంగా డబ్బు పోయిందనుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చివరిగా ఒక్క మాట. లాగ్‌లో మనుషుల పేర్లు ఉండవు. ఉండేవి అడ్రస్‌లు, పోర్ట్‌లు, టైమ్‌లు మాత్రమే. ఆ అంకెల పక్కన ఒక మనిషి పేరు రాసేది మనమే. రాసే ముందు ఇంకో గంట కూర్చుని లెక్క సరిచూసుకుంటే పోయేదేమీ లేదు.